దిద్దుబాటుకు లొంగే రాత

నంద్యాలలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం 1906లో మొదలైంది. నల్లమల, ఎర్రమల కొండల నడుమ కుందూ నది వెంట పరుచుకున్న నల్లరేగడిలో పత్తి, జొన్న, వరి, శనగ ఎలా పండించాలన్న ప్రశ్నకు అక్కడ వందేళ్లకు పైగా జవాబులు వెతుకుతున్నారు. నరసింహ పత్తి, నంద్యాల సన్నాలుగా పేరుపడిన వరి రకాలు, కోత యంత్రానికి అందేంత ఎత్తు పెరిగే ఎన్‌బీఈజీ 47 శనగ అక్కడి నుంచి వచ్చినవే. అయితే కొత్త వంగడం విత్తనం ఒక్కదానితో పొలానికి చేరదు. ఏ నేలలో వేయాలి, ఏ అదనులో విత్తాలి, సాలుకూ సాలుకూ ఎంత ఎడం ఉండాలి, ఎకరాకు ఎన్ని కిలోలు పడతాయి, ఏ పురుగుకు ఏ మందు కొట్టాలి, కోత ఎప్పుడు పెట్టాలి అన్న సమాచారం కూడా దాని వెంట వెళ్లాలి. అంటే ఎవరో ఒకరు దాన్ని కాగితం మీదో ఫోను తెర మీదో రాసి పెట్టాలి. అలా రాసి పెట్టినదే సాంకేతిక పత్రం. యంత్రంతో వచ్చే చేతిపుస్తకం, పురుగుమందు డబ్బాతో మడిచి పెట్టే కాగితం, కాలువ తూముల కొలతల రిజిస్టరు, ఆళ్లగడ్డ శిల్పి రాయి మీద గీత గీసే ముందు తిరగేసే తాళమాన పట్టిక, అన్నీ ఈ కోవలోవే.

ఇలాంటి పత్రాలను దేనితో రాయాలి, ఎక్కడ దాచాలి, ఎలా పంచాలి అన్న ప్రశ్నను చాలా చోట్ల ఎవరూ అడగరు. ఆఫీసు కంప్యూటరులో ఏ సాఫ్ట్‌వేరు ఉంటే అదే సాధనమైపోతుంది, లేదంటే ఊళ్లోని డీటీపీ కేంద్రానికి ఏది అలవాటో అదే ఖాయమవుతుంది. ఎంపిక జరిగిన సంగతే తెలియదు, దాని ఫలితం మాత్రం ఏళ్ల తరబడి వెంటాడుతుంది. ఈ అధ్యాయంలో నేను వాదించేది ఒకే మాట. సాంకేతిక పత్రానికి సాధనం ఎంచుకునేటప్పుడు మొదటిసారి రాసేవారి సౌకర్యం కన్నా తర్వాత దాన్ని దిద్దేవారి సౌకర్యాన్ని ముందు చూడాలి. కథను రచయిత ముగిస్తే అది ముగిసినట్టే. సాంకేతిక పత్రానికి అలాంటి ముగింపు లేదు. వంగడం మారినా, చట్టం మారినా, యంత్రం మారినా పత్రాన్ని మళ్లీ తెరవాల్సిందే. రాసేది ఒక్కసారి, దిద్దేది అది వాడుకలో ఉన్నన్నాళ్లూ. అందుకే ఒక సాధనం మంచిచెడ్డలు రాసిన రోజున తెలియవు, పదేళ్ల తర్వాత మరొకరు అందులో ఒక మాట మార్చబోయినప్పుడు తెలుస్తాయి.

సాధనం కన్నా పత్రం ఆయుష్షు ఎక్కువ

తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర బయలుదేరి కర్నూలు, నంద్యాల ప్రాంతాల మీదుగా కడప వైపు సాగే కె.సి. కాలువ 19వ శతాబ్దపు నిర్మాణం. ఒక ప్రైవేటు కంపెనీ తవ్వించిన ఆ కాలువను ప్రభుత్వం 1882లో తన చేతిలోకి తీసుకుంది. ఇప్పటికీ దాని కింద పొలాలు పారుతున్నాయి కాబట్టి దాని కొలతలు, తూములు, ఆయకట్టు వివరాల అవసరం ఇప్పటికీ తీరలేదు. ఇక రాత సాధనాల ఆయుష్షు ఎంతో చూద్దాం. తెలుగునాట డీటీపీ పనికి దీర్ఘకాలం ఆధారమైన పేజ్‌మేకర్‌ను ఆల్డస్ అనే సంస్థ 1985లో విడుదల చేసింది. 1994లో అడోబీ ఆ సంస్థను కొనుక్కుంది. 2001లో వచ్చిన 7.0 పేజ్‌మేకర్ చివరి వెర్షన్. మొదటి వెర్షన్ నుంచి చివరిదాకా 16 ఏళ్లు. ఒక సాగునీటి కాలువ, ఒక పరిశోధన కేంద్రం, ఒక శిల్పశాల బతికే కాలం ముందు ఇది చాలా చిన్నది. ఇందులో పేజ్‌మేకర్‌ను తప్పుపట్టాల్సింది ఏమీ లేదు. తన కాలంలో అది అచ్చు పనిని సామాన్యుల చేతికి తెచ్చింది. వ్యాపార సాఫ్ట్‌వేరు ఏదైనా కంపెనీ లాభనష్టాలను బట్టే బతుకుతుంది, పత్రం అవసరాన్ని బట్టి కాదు. కాబట్టి సాధనం పోయాక కూడా పత్రం తెరుచుకుంటుందా అన్నది ఎంపికలో మొదట అడగాల్సిన ప్రశ్న.

దీనికి జవాబు సాఫ్ట్‌వేరు పేరులో దొరకదు, అది ఫైలును ఏ రూపంలో దాస్తుందో చూడాలి. ఆ రూపం నిర్మాణం బహిరంగంగా ప్రకటించి ఉంటే, ఆ సాఫ్ట్‌వేరు మాయమైనా మరొకరు దాన్ని చదివే సాధనం తయారుచేయగలరు. లిబ్రేఆఫీస్ వాడే ఓపెన్ డాక్యుమెంట్ రూపాన్ని 2006లోనూ, నేటి వర్డ్ ఫైళ్ల రూపాన్ని 2008లోనూ అంతర్జాతీయ ప్రమాణాలుగా గుర్తించారు. పీడీఎఫ్ కూడా 2008లో ఆ హోదా పొందింది. వీటన్నిటి కన్నా సాదాసీదా పాఠం, అంటే అలంకారాలేవీ లేకుండా అక్షరాలు మాత్రమే ఉన్న ఫైలు, ఇంకా గట్టిది. దాన్ని తెరవలేని కంప్యూటరు లేదు. అయితే తెలుగు దగ్గరికి వచ్చేసరికి ఈ మాటకు ఒక పెద్ద షరతు తోడవుతుంది. ఆ ఫైలులో ఉన్నవి నిజంగా తెలుగు అక్షరాలేనా?

అక్షరం అక్షరంగానే ఉండాలి

కంప్యూటరుకు అక్షరం ఒక సంఖ్య. ఏ అక్షరానికి ఏ సంఖ్య అన్నది అందరూ ఒప్పుకుంటేనే ఒకరు రాసింది మరొకరి యంత్రం చదవగలదు. భారతీయ లిపుల కోసం ఇస్కీ అనే సంకేత పద్ధతిని 1991లో భారత ప్రమాణాల సంస్థ ప్రమాణంగా స్వీకరించింది. అదే ఏడాది వచ్చిన యూనికోడ్ తొలి వెర్షన్‌లోనే తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు. అయితే ప్రమాణం పుట్టడానికీ అది ఊరి డీటీపీ కేంద్రానికి చేరడానికీ మధ్య చాలా ఏళ్లు గడిచాయి. ఈలోగా ఫాంట్ తయారీదారులు మరో దారి తొక్కారు. తెలుగు లిపిని తలకట్టు, కొమ్ము, సుడి, ఒత్తు అంటూ ముక్కలు చేసి, ఒక్కో ముక్కను ఇంగ్లీషు అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన స్థానాల్లో కూర్చోబెట్టారు. తెర మీద, కాగితం మీద తెలుగు చక్కగా కనిపించింది. ఫైలు లోపల మాత్రం ఉన్నది ఇంగ్లీషు గుర్తుల గందరగోళం. పైగా ఒక కంపెనీ పట్టిక మరో కంపెనీ పట్టికతో కలవదు. ఆ ఫాంట్ లేని కంప్యూటరులో తెరిస్తే అర్థంలేని గీతల వరస తప్ప ఒక్క తెలుగు మాట కనిపించదు.

ఇది కంటికి సంబంధించిన ఇబ్బంది మాత్రమే అనుకుంటే పొరపాటు. దీని అసలు నష్టం ఒక ఉదాహరణతో తేటపడుతుంది. 2018 ఆగస్టు 8న కేంద్ర ప్రభుత్వం 18 పురుగుమందులను నిషేధిస్తూ ఉత్తర్వు ఇచ్చింది. మిథైల్ పారథియాన్‌తో సహా 12 మందుల మీద నిషేధం వెంటనే అమల్లోకి వచ్చింది. ఫోరేట్, ట్రయజోఫాస్, డైక్లోర్‌వాస్‌తో సహా మిగిలిన ఆరింటి వాడకం 2020 డిసెంబరు 31తో ఆగిపోవాలని అందులో ఉంది. పత్తి, వరి పండించే పల్లెల్లో ఏళ్ల తరబడి నోళ్లలో నానిన పేర్లు ఇవి. ఇప్పుడు ఇరవై ఏళ్లుగా రైతుల కోసం కరపత్రాలు, చేతిపుస్తకాలు తెస్తున్న ఒక కార్యాలయాన్ని ఊహించుకుందాం. ఉత్తర్వు వచ్చిన మర్నాడు అక్కడివారు చేయాల్సిన పని చూడటానికి చిన్నదే. తమ పత్రాల్లో ఈ 18 పేర్లు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతికి, తీసేసి, బదులు ఏం వాడాలో చేర్చాలి. పత్రాలన్నీ యూనికోడ్ పాఠంగా ఉంటే పేరు కొట్టి వెతకడం నిమిషాల పని. పాత ఫాంట్ల ఫైళ్లుగానో కాగితాన్ని స్కాన్ చేసిన బొమ్మలుగానో ఉంటే ఒక్కొక్క పేజీని మనిషి కళ్లతో చదవాలి. అంత శ్రమ చేయడానికి ఏ కార్యాలయంలోనూ మనుషులు చాలరు. అందువల్ల పాత కరపత్రం అలాగే ఉండిపోతుంది, ఎవరో దాని ఫోటో తీసి పంపుతారు, నిషేధించిన మందు సిఫారసుగానే తిరుగుతూ ఉంటుంది. ఇక్కడ లోపం ఎవరి శ్రద్ధలోనూ లేదు. పత్రాన్ని వెతకడానికి వీలులేని రూపంలో దాచిన రోజునే అది పుట్టింది.

యూనికోడ్ వాడితే చాలు, అన్నీ చక్కబడతాయని చెప్పడం కూడా నిజాయితీ కాదు. ఫోరేట్ అన్న మాటను ఫోరెట్ అనీ, ఫొరేట్ అనీ రాసేవారు ఉన్నారు. ట్రయజోఫాస్, ట్రైజోఫాస్ రెండూ అచ్చులో కనిపిస్తాయి. తెలుగులో మాటకు విభక్తి అతుక్కుంటుంది కాబట్టి ఫోరేట్, ఫోరేటును, ఫోరేట్‌తో వేర్వేరు రూపాలు. అందులో చివరి రూపంలో పొల్లు నిలబడటానికి కంటికి కనిపించని ఒక సంకేతం కూడా చేరుతుంది. దాన్ని ఒకరు పెట్టి, మరొకరు పెట్టకపోతే కంటికి ఒకేలా ఉన్న రెండు మాటలు యంత్రానికి వేరవుతాయి. వరి రకాల పేర్లతో మరో చిక్కు ఉంది. 1986లో బాపట్ల పరిశోధన స్థానం నుంచి వచ్చిన బీపీటీ 5204ను సాంబ మసూరి అంటారు, బియ్యం వ్యాపారంలో అదే కర్నూలు సోనా పేరుతో అమ్ముడవుతుంది. కనుక పత్రాలు ఎక్కువగా ఉన్న ఏ సంస్థకైనా ఒక పదపట్టిక కావాలి. ప్రతి మందుకూ ప్రతి వంగడానికీ అందులో ఒకే ప్రామాణిక రూపం, దాని పక్కన వాడుక పేర్లు ఉండాలి. రాసేవారు ఆ పట్టిక నుంచే మాటను తీసుకునేలా సాధనం సాయపడాలి. ఎన్‌బీఈజీ 47, ఎన్‌డీఎల్‌ఆర్ 7 వంటి సంకేతనామాలు ఉన్నది ఇందుకే. పిలుపు పేరు ఊరూరికీ మారుతుంది, సంకేతనామం మారదు.

ఒక విషయం ఒక్కచోటే

దిద్దుబాటుకు రెండో అడ్డంకి నకలు. ఒకే సమాచారం పది పత్రాల్లో ఉంటే మార్పు వచ్చినప్పుడు పదిచోట్లా మార్చాలి, తొమ్మిదిచోట్ల మార్చి ఒకచోట మరిచిపోతే ఆ రెండింటిలో ఏది నిజమో చదివేవారికి తెలియదు. శనగ పంటలో జరిగిన మార్పు దీనికి మంచి నిదర్శనం. ఆంధ్ర ప్రాంతంలో శనగ విస్తరణకు ఊతమిచ్చిన జేజీ 11 వంటి రకాల మొక్క పొట్టిగా, నేలకు దగ్గరగా గుబురుగా పెరుగుతుంది. దాన్ని కూలీలు చేతితో కోయాల్సిందే. ఎన్‌బీఈజీ 47 నిటారుగా, ఎత్తుగా పెరుగుతుంది, కాయలు నేలకు ఎడంగా పైన కాస్తాయి, అందువల్ల కంబైన్ యంత్రంతో కోయవచ్చు. ఈ ఒక్క గుణం మారినందుకు కోత గురించిన సూచన మారింది, దాంతో కూలీల ఖర్చు లెక్క మారింది, యంత్రానికి అనువుగా పొలాన్ని ఎలా చదును చేయాలన్న సలహా మారింది. వంగడాల జాబితాలో, సాగు పద్ధతుల పుస్తకంలో, ఏటా వచ్చే వ్యవసాయ పంచాంగంలో, గ్రామస్థాయి రైతు కేంద్రం గోడ మీది చార్టులో, ఫోనుకు వెళ్లే సందేశంలో ఇవన్నీ ఒకదానితో ఒకటి పొసగాలి. ఒక్కోదాన్ని ఒక్కో ఫైలుగా విడివిడిగా టైపు చేసే పద్ధతిలో అది దాదాపు అసాధ్యం. సమాచారం ఒక్కచోట ఉండి, మిగిలిన రూపాలన్నీ దాని నుంచే తయారైతేనే అది కుదురుతుంది.

విషయాన్ని ఒకచోట రాసి, రూపాన్ని తర్వాత అవసరాన్ని బట్టి తీసుకోవడం కంప్యూటరు యుగంలో పుట్టిన ఆలోచన అనిపించవచ్చు. ఆళ్లగడ్డ శిల్పులు ఆ పద్ధతిలో తరతరాలుగా పనిచేస్తున్నారు. భౌగోళిక గుర్తింపు పొందిన ఆళ్లగడ్డ శిల్పకళకు ఆధారమైన తాళమాన శాస్త్రం విగ్రహం కొలతలను అడుగుల్లో చెప్పదు. విగ్రహం ఎత్తునే సమాన భాగాలుగా విభజించి, ఆ భాగాన్ని దేహలబ్ధాంగుళం అంటుంది. విష్ణువు, శివుడు వంటి దేవతామూర్తులకు చెప్పిన ఉత్తమ దశతాళంలో ఎత్తు 124 భాగాలు. దేవేరులకు చెప్పిన మధ్యమ దశతాళంలో 120. ముఖానికి ఎన్ని భాగాలు, కంఠానికి ఎన్ని, మోకాలికి ఎన్ని అన్నది ఈ లెక్కలోనే ఉంటుంది. ఎత్తు 31 ఇంచీల విగ్రహమైతే ఒక్కో భాగం పావు ఇంచీ అవుతుంది, 124 ఇంచీల విగ్రహమైతే ఒక్కో భాగం సరిగ్గా ఒక ఇంచీ. పూజగదిలో పెట్టే మూర్తికీ ఆలయంలో నిలిపే మూలవిరాట్టుకూ పట్టిక ఒకటే, అందువల్ల ఆ రెండింటి మధ్య పొంతన తప్పే అవకాశమే లేదు. పట్టికలో ఒక నిష్పత్తిని సవరిస్తే ఆ తర్వాత చెక్కే ప్రతి పరిమాణానికీ సవరణ వర్తిస్తుంది. సాంకేతిక పత్రం రాసేవారు తెలుసుకోవాల్సిన సూత్రం దీనిలోనే పూర్తిగా ఉంది. శాశ్వతమైన సంబంధాన్ని మూలంలో రాయాలి, సందర్భాన్ని బట్టి మారే కొలతను చివరి దశకు వదలాలి.

కంప్యూటరు రంగం ఈ సూత్రానికి 1969లో చేరువైంది. ఐబీఎం సంస్థలో చార్లెస్ గోల్డ్‌ఫార్బ్, ఆయన సహచరులు పత్రంలో ఏది శీర్షిక, ఏది పేరా, ఏది జాబితా అని పేర్లతో గుర్తు పెట్టే పద్ధతిని రూపొందించారు. శీర్షిక ఎంత పెద్ద అక్షరాల్లో ఉండాలన్నది అచ్చు వేసేటప్పుడు చెబితే చాలు. ఆ ఆలోచనే 1986లో ఎస్‌జీఎంఎల్‌గా ప్రమాణమైంది, 1998లో ఎక్స్‌ఎంఎల్‌గా సరళమైంది. పెద్ద సంస్థల చేతిపుస్తకాలకు వాడే డీటా దాని సంతతిలోదే. 2004లో జాన్ గ్రూబర్ తెచ్చిన మార్క్‌డౌన్ ఈ ఆలోచనను మరింత తేలిక చేసింది. శీర్షిక ముందు ఒక గుర్తు, జాబితా అంశం ముందు ఒక గీత, అంతే. అలా రాసిన ఒకే మూలం నుంచి అచ్చు పుస్తకం, వెబ్ పేజీ, ఫోను తెరకు సరిపడే రూపం మూడూ యంత్రమే తయారుచేస్తుంది. ఈ లెక్కలో పీడీఎఫ్ స్థానం కూడా తేలిపోతుంది. వండిన అన్నాన్ని మళ్లీ బియ్యం చేయలేనట్టే పీడీఎఫ్‌ను మళ్లీ మూలం చేయడం కష్టం. అందులో ఉండేది పేజీ మీద ఏ ఆకారం ఎక్కడ పడాలన్న సమాచారం. తెలుగు పీడీఎఫ్ నుంచి పాఠాన్ని కాపీ చేస్తే ఒత్తులు, గుణింతాలు చెల్లాచెదురు కావడానికి ఎక్కువగా ఇదే కారణం. పంచడానికి పీడీఎఫ్ మంచిదే. మూలాన్ని పారేసి దాన్ని మాత్రమే దాచుకుంటే మాత్రం దిద్దుబాటు దారి మూసుకుపోతుంది.

మార్పుకు సాక్ష్యం

మూడో అవసరం చరిత్ర. పత్రం మారిందని తెలిస్తే చాలదు, ఎవరు, ఎప్పుడు, ఏ మాట, ఎందుకు మార్చారో తెలియాలి. ఆళ్లగడ్డ దాటి దక్షిణంగా వెళ్తే వచ్చే కడపలో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 19వ శతాబ్దంలో ఎదుర్కొన్న కష్టం ఇదే. ఒకే కావ్యానికి తాళపత్ర ప్రతులు ఎన్నో దొరికాయి, ఒకదానితో ఒకటి కలవలేదు. నకలు రాసినవారు ఎక్కడ పొరపడ్డారో, ఎక్కడ కావాలని మార్చారో ప్రతిలో గుర్తు లేదు. సొంత ఖర్చుతో పండితులను నియమించి, ప్రతులను పక్కపక్కన పెట్టి పోల్పించి, పాఠభేదాలు తేల్చి శుద్ధప్రతులు రాయించాల్సి వచ్చింది. ఆ శ్రమ వల్లనే ఎన్నో గ్రంథాలు మనకు దక్కాయి. అయితే ఒక కావ్యంలో పాఠభేదం తేలకపోతే రసభంగం అవుతుంది. మందు మోతాదులో పాఠభేదం తేలకపోతే పంట పోతుంది, ఒక్కోసారి ప్రాణం మీదికి వస్తుంది. చివరిది, కొత్త చివరిది, అసలు చివరిది అని పేర్లు పెట్టుకుని ఒకే కరపత్రానికి ఐదు ఫైళ్లు ఉన్న ఫోల్డరు ఏ ఆఫీసులోనైనా కనిపిస్తుంది. బ్రౌన్ ముందున్న తాళపత్రాల కట్టలోని చిక్కే ఇందులోనూ ఉంది.

ఈ చిక్కుకు నేటి సాధనాల్లో రెండు మంచి పరిష్కారాలు ఉన్నాయి. ఒకటి వికీ. వార్డ్ కన్నింగ్‌హామ్ 1995లో ప్రారంభించిన పద్ధతి నుంచి ఎదిగిన వికీలు ప్రతి దిద్దుబాటునూ తేదీతో, పేరుతో దాస్తాయి. పాత రూపాన్నీ కొత్త రూపాన్నీ పక్కపక్కన చూపిస్తాయి, తప్పు జరిగితే వెనక్కి తిప్పుతాయి. రెండోది 2005లో లైనస్ టోర్వాల్డ్స్ లైనక్స్ అభివృద్ధి కోసం తయారుచేసిన గిట్. అది ఫైళ్ల గుంపు మొత్తం చరిత్రను వరుస వరుసకూ నమోదు చేస్తుంది. ఒకరు ప్రతిపాదించిన మార్పును మరొకరు పరిశీలించి ఆమోదించాకే మూలంలో కలిసే ఏర్పాటును దానితో చేసుకోవచ్చు. సాంకేతిక పత్రాలకు ఈ రెండో కన్ను చాలా అవసరం. మోతాదు రాసినవారే దాన్ని సరిచూసుకుంటే తప్పు కంటపడదు, ఎందుకంటే వారు తమ మనసులో ఉన్న అంకెనే కాగితం మీద చదువుతారు. అయితే గిట్ శక్తి సాదా పాఠం మీదే పూర్తిగా పనిచేస్తుంది. డీటీపీ ఫైలు మారిందని చెప్పగలదు కానీ ఏ మాట మారిందో చూపలేదు. మొదటి రెండు సూత్రాలు పాటించినవారికే మూడోది ఫలిస్తుంది.

కొన్ని అభ్యంతరాలు

అచ్చు పనివారి అభ్యంతరాన్ని ముందు వినాలి, ఎందుకంటే అందులో నిజం ఉంది. డీటీపీ ఫాంట్లలో ఉన్న అందం, వైవిధ్యం యూనికోడ్‌లో చాలాకాలం లేవు. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంట్ వచ్చాక కూడా పుస్తకాల పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్లు తెలుగు ఒత్తులను సరిగా పేర్చలేకపోయాయి. ఇన్‌డిజైన్‌లో భారతీయ లిపులకు సరైన ఏర్పాటు 2012లో వచ్చిన సీఎస్6తో గానీ అందలేదు. కాబట్టి నాడు పాత ఫాంట్లు వాడినవారు అవివేకంతో ఏమీ వాడలేదు, వారికి మరో దారి లేదు. నేడు ఆ కారణం మిగల్లేదు. సూరన్న, మండలి, ధూర్జటి, పెద్దన, తిమ్మన వంటి యూనికోడ్ ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్సుతో ఉచితంగా దొరుకుతున్నాయి. సాదా పాఠం నుంచి పుస్తక నాణ్యతతో పేజీలు కూర్చే టెక్‌ను డొనాల్డ్ కనూత్ 1978లోనే అందించారు. 2004లో వచ్చిన జీటెక్‌తో యూనికోడ్ తెలుగుకూ ఆ దారి తెరుచుకుంది. అందానికీ దిద్దుబాటుకూ మధ్య ఒకదాన్నే ఎంచుకోవాల్సిన అవసరం తీరిపోయింది.

ఇవన్నీ ప్రోగ్రామర్ల పనిముట్లు, వ్యవసాయ అధికారికీ శిల్పికీ ఎలా వస్తాయి అన్నది రెండో అభ్యంతరం. దీనికి జవాబు 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలోనే ఉంది. ఉపాధ్యాయులు, విద్యార్థులు, గృహిణులు, పదవీ విరమణ చేసినవారు రెండు దశాబ్దాలకు పైగా అందులో రాస్తున్నారు, దిద్దుతున్నారు, ఒకరి మార్పును మరొకరు సరిచూస్తున్నారు, వారిలో చాలామందికి కంప్యూటరు చదువు లేదు. గిట్ విషయంలో అభ్యంతరం కొంతవరకు సరైనదే, దాని ఆదేశాలు కొత్తవారిని తికమక పెడతాయి. అందుకే ఇద్దరు ముగ్గురు పనిచేసే చోట గిట్ అక్కర్లేదు. లిబ్రేఆఫీస్‌లో యూనికోడ్‌తో టైపు చేసి, శీర్షికలకు చేతితో సైజు పెంచకుండా శైలుల సౌకర్యాన్ని వాడి, మూలఫైలును ఒక్కటే ఉంచి, మార్పులన్నిటినీ తేదీతో మొదటి పేజీలో రాసుకుంటే ఈ అధ్యాయంలో చెప్పినవాటిలో చాలావరకు నెరవేరుతుంది. సూత్రం ముఖ్యం, పనిముట్టు స్తోమతను బట్టి ఉంటుంది.

రైతులు ఎవరూ పత్రాలు చదవడం లేదు, వాట్సాప్ వాయిస్ సందేశాలు వింటున్నారు, వీడియోలు చూస్తున్నారు, ఇంకా రాత గురించి ఇంత ఆలోచన ఎందుకన్నది మూడోది. రైతుకు చేరే చివరి రూపం మాట కావచ్చు, బొమ్మ కావచ్చు, అది మంచిదే. కానీ ఆ మాట చెప్పేవారు దేన్ని చూసి చెబుతారు? వీడియోలో చెప్పిన ఒక మందు నిషేధిత జాబితాలో చేరితే ఆ వీడియోను దిద్దలేం, తీసేసి మళ్లీ తీయాలి. ఏ వీడియోలో ఏ మందు పేరు పలికారో తెలియాలంటే దాని వెనక రాసిన పాఠం ఉండాలి. మాధ్యమాలు పెరిగేకొద్దీ వాటన్నిటికీ ఆధారమైన ఒక్క మూలం విలువ పెరుగుతుంది.

చివరి అభ్యంతరం ఈ కాలానిది. స్కాన్ చేసిన పేజీలను చదివే యంత్రాలు వచ్చాయి, కృత్రిమ మేధ పాత ఫైళ్లను తానే తేటపరుస్తుంది, ఇక మూలం గురించి బెంగ దేనికి అంటారు. పాత పత్రాలను కాపాడటానికి ఈ యంత్రాలు గొప్ప సాయం, వాటిని తప్పక వాడాలి. అయితే సాంకేతిక పత్రంలో తప్పు కూర్చునే చోటు వేరు. లీటరు నీటికి 1.5 మిల్లీలీటర్లు అన్నచోట యంత్రం చుక్కను వదిలేస్తే 15 అవుతుంది, మోతాదు పదింతలవుతుంది, వాక్యం మాత్రం నిర్దోషంగా కనిపిస్తుంది. కథలో ఒక అక్షరం తప్పు పడితే చదువరి సర్దుకుంటాడు, అంకెలో పడ్డ తప్పును పట్టించే గుర్తు ఆ వాక్యంలో ఏదీ ఉండదు. యంత్రం చదివిన ప్రతి అంకెనూ మనిషి మళ్లీ సరిచూడాల్సి వస్తే ఆదా అయిన శ్రమలో పెద్ద భాగం తిరిగి ఖర్చవుతుంది. గతానికి మరో దారి లేదు కాబట్టి ఆ శ్రమ పడదాం. రేపటి పత్రాలనూ అదే గతికి వదలడానికి మాత్రం కారణం ఏదీ లేదు.

ఎంచుకునే ముందు

ఇంత చర్చ తర్వాత ఎంపిక సులువవుతుంది. ఒక సాధనాన్ని చూపించి ఎవరైనా ఇది కొనండి అంటే, దానిలో ఉన్న సౌకర్యాల జాబితా చదవడానికి ముందు చిన్న పరీక్ష పెట్టాలి. అందులో రెండు పేజీల తెలుగు రాసి, ఫైలును ఆ సాఫ్ట్‌వేరు లేని మరో కంప్యూటరులో తెరవాలి. అక్షరాలు అక్షరాలుగానే ఉన్నాయా? ఒక మందు పేరు వెతికితే అది ఉన్న ప్రతిచోటా దొరికిందా? ఒక మోతాదు మారితే ఎన్ని ఫైళ్లు తెరవాల్సి వస్తోంది? నిరుడు ఈ పేరాలో ఏముండేదో, ఎవరు మార్చారో చూపగలదా? రేపు దీన్ని మానేసి మరో సాధనానికి వెళ్తే పత్రాలన్నిటినీ వెంట తీసుకెళ్లగలమా? ఈ పరీక్షలో నెగ్గిన సాధనాల్లో పని పరిమాణాన్ని బట్టి ఒకటి ఎంచుకోవచ్చు. ఒక శిల్పశాలకో చిన్న విత్తన సంస్థకో క్రమశిక్షణతో వాడే వర్డ్ ప్రాసెసర్ చాలు. పలువురు కలిసి రాసే కళాశాలకో పరిశోధన కేంద్రానికో వికీ సరిపోతుంది. ఒకే సమాచారం పుస్తకంగా, వెబ్ పేజీగా, ఫోను సందేశంగా, ఒకటికి మించిన భాషల్లో వెళ్లాల్సిన పెద్ద వ్యవస్థకు గుర్తులతో కూడిన సాదా పాఠం, దాని వెనక గిట్ వంటి చరిత్ర నమోదు కావాలి.

ప్రజల డబ్బుతో నడిచే సంస్థల విషయంలో మరో మెట్టు ఎక్కక తప్పదు. వారు ప్రచురించే ప్రతి పత్రానికీ యూనికోడ్ మూలపాఠం ఉండాలని, దాని మీద తేదీ, వెర్షన్ సంఖ్య ఉండాలని, పాత వెర్షన్ చెల్లదని చదివేవారికి తెలిసేలా ఉండాలని మనం అడగాలి. ఇది సాఫ్ట్‌వేరు మోజుతో అడిగేది కాదు. దిద్దడం కష్టమైన చోట తప్పు మిగిలిపోతుంది. అలా మిగిలిన తప్పుకు మూల్యం రాసినవారు చెల్లించరు, దాన్ని నమ్మి మందు కొట్టిన రైతు, యంత్రాన్ని నడిపిన కూలీ చెల్లిస్తారు. సాధనం ఎంచుకోవడమంటే ఆ భారం ఎవరి మీద పడాలో నిర్ణయించడం. కార్యాలయం కాస్త క్రమశిక్షణ అలవరచుకుంటే ఆ భారం పొలం దాకా పోకుండా ఆగుతుంది. కాబట్టి ఆ క్రమశిక్షణను కార్యాలయమే మోయాలి.